మాస్టారిని అడగండి: ఒకే బైబిలు, వేరు వేరు ఓట్లు

గత సంచికలో అమెరికా అధ్యక్ష ఎన్నిక విధానాన్ని వివరిస్తూ, అక్కడి నల్లజాతి ఓటర్లలో నూటికి ఎనభై మందికి పైగా కొన్ని దశాబ్దాలుగా డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థికే ఓటు వేస్తున్నారని ఒక వాక్యం రాశాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని నల్లజాతి వారి విశ్వాసానికీ వారి ఓటుకూ ఉన్న సంబంధానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించాను. పేర్లు వేయవద్దని కోరినవారే ఎక్కువ కనుక అందరి పేర్లూ వదిలేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు): మాస్టారికి నమస్కారాలు. మా తాతల కాలం నుంచి మేము బాప్టిస్టు సంఘంలో ఉన్నాము. మా అబ్బాయి అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఏడాది నేను అక్కడ ఆరు నెలలు ఉండి, ఇంటికి దగ్గరలో ఉన్న నల్లజాతి వారి బాప్టిస్టు చర్చికి ఆదివారాలు వెళ్లాను. తాగుడు, జూదం, పెళ్లి కాకుండా కలిసి ఉండడం వంటి విషయాల్లో వారు మన పెద్దలకంటే కటువుగా మాట్లాడతారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గర్భస్రావ హక్కును సమర్థించే పార్టీకే వేస్తామంటారు. వారి విశ్వాసం ఆదివారం ఆరాధనతోనే సరిపోతుందా?

జవాబు: అమ్మా, మీరు చూసినది చూసినట్టే రాశారు. అందులో నుంచి తీసిన అర్థాన్ని మాత్రం కొంచెం విప్పి చూడవలసి ఉంది. "నీతీ న్యాయమూ లేని రోజులొచ్చాయి" అని మన ఊళ్లలో పెద్దలు ఈ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో అంటారు. అలా వినీ వినీ రెండూ ఒకటేనని అనుకుంటాము. నీతి అంటే మనిషి తన నాలుకను, ఒంటిని, ఇంటిని అదుపులో ఉంచుకోవడం. న్యాయం అంటే బలమున్నవాడు బలం లేనివాడితో వ్యవహరించవలసిన తీరు. మీ ఇంటి బైబిలులో ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం 24వ వచనం తీసి చూడండి. "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి, గొప్ప ప్రవాహమువలె నీతిని ప్రవహింపనియ్యుడి" అని రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో పౌరహక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసంగంలో ఎత్తుకున్న వచనం ఇదే. అట్లాంటాలో మీరు కలిసిన విశ్వాసులు నీతిని తమ ఇంటి నుంచి, తమ సంఘం నుంచి అడుగుతారు. ప్రభుత్వం నుంచి వారు అడిగేది న్యాయం. ఈ విభజన వారి అనుభవంలో నుంచి పుట్టింది.

అనుభవమంటే ఏమిటో రెండు మూడు సంగతులు చెబుతాను. బాప్తిస్మం పొందినంత మాత్రాన బానిసకు బానిసత్వం నుంచి విడుదల ఉండదని వర్జీనియా వలస ప్రాంతపు శాసనసభ 1667లో ఒక చట్టమే చేసింది. క్రైస్తవుడు సాటి క్రైస్తవుణ్ణి బానిసగా ఉంచుకోవచ్చునా అన్న సందేహం యజమానులను పీడించకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. 1807లో లండన్‌లో, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని బానిసల కోసం ఒక ప్రత్యేక బైబిలు అచ్చయింది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన నిర్గమకాండ కథను అందులో నుంచి తీసేశారు, దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న మాటలను మాత్రం ఉంచారు. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసకు చదువు చెప్పడమే నేరం. అయినా నిర్గమకాండ కథ పాటల రూపంలో పొలాల్లో నోటి నుంచి నోటికి నడిచింది. యజమాని అదే పుస్తకంలో విధేయతను చదువుకుంటే బానిస విడుదలను విన్నాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువరించిన తన జీవితకథ చివర, ఈ దేశంలోని క్రైస్తవానికీ క్రీస్తు క్రైస్తవానికీ మధ్య కొలవలేనంత దూరం ఉందని రాశాడు.

ఇంకొక విషయం కూడా మీరు గమనించాలి. బానిసల పెళ్లిళ్లకు ఆనాటి చట్టంలో విలువ లేదు. వేలంలో భర్తను ఒకరికి, భార్యను ఒకరికి, పిల్లలను మరొకరికి అమ్మినా అడ్డుచెప్పే న్యాయస్థానం ఉండేది కాదు. కుటుంబ విలువలను కాపాడతానని ఒక రాజకీయ నాయకుడు వేదిక మీద ప్రమాణం చేస్తే, ఆ చరిత్ర ఉన్న ఇంట్లో పుట్టిన ముసలావిడ చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఊహించండి. ఆమె తన మనవరాలిని పెళ్లి విషయంలో గట్టిగానే మందలిస్తుంది, అయితే ఆ మందలించే పనిని పోలీసు చేతికి, శాసనసభ చేతికి అప్పగించడానికి ఇష్టపడదు. విశ్వాసం ఆదివారానికే పరిమితమైందన్న మీ అనుమానం అందుకే నాకు సరైనదిగా తోచలేదు. ఓటు వేసేటప్పుడు కూడా ఆమె బైబిలే తీస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవారు, దాహంగొన్నవారు, చెరసాలలో ఉన్నవారు కనిపించే పేజీ ఆమెకు ముందు తెరుచుకుంటుంది.

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ రిపబ్లికన్ పార్టీ వాడని చదివాను. మరి నల్లజాతి వారు ఆ పార్టీని ఎందుకు వదిలేశారు? చర్చిలే వారిని మళ్లించాయా?

జవాబు: బాబూ, వారు ఆ పార్టీని వదలడం మొదలుపెట్టడానికే డెబ్బై ఏళ్లు పట్టింది. అమెరికా రాజ్యాంగపు 15వ సవరణ 1870లో ఓటు హక్కు విషయంలో జాతి భేదం చూపకూడదని చెప్పింది. అదే ఏడాది మిసిసిపీ నుంచి సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడు హైరం రెవెల్స్. ఆయన రిపబ్లికన్, వృత్తి చేత ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘపు బోధకుడు. ఆ సంఘాన్ని 1816లో స్థాపించిన రిచర్డ్ ఆలెన్ బానిసగా పుట్టి స్వేచ్ఛను కొనుక్కున్నవాడు. ఫిలడెల్ఫియాలోని ఒక మెథడిస్టు చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థిస్తున్న నల్లవారిని మధ్యలోనే లేపి పక్కకు పొమ్మన్నందుకు అతనూ అతని సహచరులూ బయటికి నడిచారు, తరువాత తమ చర్చిని తామే కట్టుకున్నారు. ఓటు లేని కాలంలో నాయకుణ్ణి ఎన్నుకోవడం, డబ్బుకు లెక్క చెప్పడం, సభ నడపడం వారు నేర్చుకున్న చోటు అదే. కనుక బోధకుడే రాజకీయ నాయకుడు కావడం అక్కడ వింతేమీ కాదు.

తరువాత దక్షిణాది రాష్ట్రాలు ఓటు వేయాలంటే కట్టవలసిన పోల్ పన్నులతో, అక్షరాస్యత పరీక్షలతో, కొరడాలతో ఆ ఓటును లాక్కున్నాయి. అక్కడ రాజ్యమేలినది డెమోక్రటిక్ పార్టీ. అందుచేత ఓటు మిగిలిన కొద్దిమంది నల్లవారు లింకన్ పార్టీలోనే ఉండిపోయారు. 1930ల ఆర్థిక మాంద్యంలో డెమోక్రటిక్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పనులూ సహాయమూ ఇచ్చినప్పుడు మొదటి పెద్ద మార్పు వచ్చింది, 1936లో వారిలో అత్యధికులు ఆయనకు ఓటు వేశారు. ఆ మార్పును చర్చి తేలేదు, ఆకలి తెచ్చింది.

1960 నాటి సంగతి వేరు, దానిని కొంచెం తీరికగా చెప్పుకోవాలి. మార్టిన్ లూథర్ కింగ్ తండ్రి అట్లాంటాలోని ఎబెనేజర్ బాప్టిస్టు చర్చి సంఘకాపరి. ఆయన ఆ ఏడాది రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ వైపు ఉన్నాడు. కారణం అచ్చంగా మతానికి సంబంధించినది: డెమోక్రటిక్ అభ్యర్థి కెనెడీ క్యాథలిక్కు, ఈయన బాప్టిస్టు. ఎన్నికలకు మూడు వారాల ముందు కింగ్‌ను ఒక దుకాణంలో నిరసన తెలిపినందుకు అరెస్టు చేశారు. పాత ట్రాఫిక్ కేసును అడ్డం పెట్టుకుని నాలుగు నెలల శిక్ష వేసి జైలుకు తరలించారు. గర్భవతిగా ఉన్న కింగ్ భార్య కొరెటాకు కెనెడీ స్వయంగా ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు, నిక్సన్ నోరు విప్పలేదు. పెద్దాయన తన సంచిలో ఉన్న ఓట్లన్నీ కెనెడీకేనని ప్రకటించాడు. ఎన్నికల ముందు ఆదివారం నీలి రంగు కరపత్రాలు లక్షల సంఖ్యలో నల్లజాతి చర్చిల గుమ్మాల దగ్గర పంచారు. దేశం మొత్తం మీద కెనెడీ ఆధిక్యం లక్షా పాతిక వేల ఓట్లకు లోపే. అంత స్వల్ప ఆధిక్యంలో ఆ కరపత్రాలు ఎంత పని చేశాయో ఎవరి లెక్క వారిది. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఒక బాప్టిస్టు కాపరికి ఉన్న సిద్ధాంత వైరాన్ని, కొడుకు చెరసాలలో ఉన్నప్పుడు వచ్చిన పరామర్శ ఒక్కటి పక్కకు జరిపింది. చెరసాలలో ఉన్నవారిని పరామర్శించడం మత్తయి 25లోనే ఉన్నది కదా.

ఆ ఎన్నికలో కూడా నిక్సన్‌కు నల్లజాతి ఓట్లలో దాదాపు మూడో వంతు పడింది. నాలుగేళ్ల తరువాత, జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా సెనేట్‌లో ఓటు వేసిన గోల్డ్‌వాటర్‌ను రిపబ్లికన్లు అభ్యర్థిగా నిలబెట్టడంతో ఆ మూడో వంతు కూడా కరిగిపోయింది. ఆ చట్టానికి కాంగ్రెస్‌లో అనుకూలంగా ఓటు వేసినవారి నిష్పత్తి చూస్తే డెమోక్రాట్లకంటే రిపబ్లికన్లలోనే ఎక్కువ. ఆ మంచిపేరును పార్టీ ఒక్క అభ్యర్థితో పోగొట్టుకుంది.

చర్చిలన్నీ ఒకే మాట మీద నడిచాయని మాత్రం అనుకోవద్దు. నల్లజాతి బాప్టిస్టుల అతిపెద్ద సమాఖ్యకు అప్పటి అధ్యక్షుడైన జోసెఫ్ జాక్సన్‌కు కింగ్ పద్ధతులు నచ్చలేదు. ఆ తగవు వల్ల 1961లో సమాఖ్య చీలి ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ పుట్టింది. ఉద్యమానికి తలుపు తీసిన చర్చిలకు తగిన మూల్యమూ ఉండేది. 1963 సెప్టెంబరు 15న, ఆదివారం ఉదయం, బర్మింగ్‌హామ్‌లోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు.

ప్రశ్న (రాజాం నుంచి ఒక సంఘ పెద్ద): గర్భస్రావం, స్వలింగ వివాహం వంటి విషయాల్లో దేవుని వాక్యం స్పష్టంగా ఉన్నదని మేము నమ్ముతాము. అక్కడి నల్లజాతి విశ్వాసుల ఓటు మీద ఈ విషయాలు ఎన్నడూ ప్రభావం చూపలేదా?

జవాబు: చూపిన సందర్భాలు ఉన్నాయి. 2004లో స్వలింగ వివాహాన్ని నిషేధించే సవరణను పదకొండు రాష్ట్రాల్లో ప్రజల ఓటుకు పెట్టారు. వాటిలో ఒకటైన ఒహాయోలో రిపబ్లికన్ అభ్యర్థి బుష్‌కు నల్లజాతి ఓట్లలో 16 శాతం పడింది, దేశం మొత్తం మీద ఆయన పొందినది 11 శాతమే. 2008లో కాలిఫోర్నియాలో అటువంటి సవరణకే నల్లజాతి ఓటర్లలో అధికులు 'అవును' అన్నారు. ఎగ్జిట్ పోల్ 70 శాతమని చెప్పగా, తరువాత పరిశోధకులు పరిశీలించి 60 శాతానికి లోపేనని తేల్చారు. గమనించవలసినది ఏమిటంటే, అదే రోజు, అదే బ్యాలెట్టు మీద, ఆ ఓటర్లే ఒబామాకు కూడా ఓటు వేశారు. దేశం మొత్తం మీద ఆయనకు 95 శాతం నల్లజాతి ఓట్లు వచ్చాయి. విషయాన్ని విడిగా అడిగినప్పుడు తమ నీతి ఏమి చెబుతుందో చాలామంది ఆ ప్రకారమే ఓటు వేశారు. మనిషిని ఎన్నుకోమన్నప్పుడు ముందుకు వచ్చినది న్యాయం.

2012 మే నెలలో ఒబామా స్వలింగ వివాహాన్ని సమర్థిస్తున్నట్టు ప్రకటించగానే కొందరు నల్లజాతి బోధకులు బహిరంగంగా తప్పుపట్టారు, ఇంకొందరు సమర్థించారు. ఓటు వేయకుండా ఇంట్లో కూర్చోవడం మంచిదా అన్న చర్చ కూడా నడిచింది. నవంబరులో ఆయనకు 93 శాతం నల్లజాతి ఓట్లు పడ్డాయి. అదే రోజు, జనాభాలో నల్లజాతి వారు దాదాపు 30 శాతం ఉన్న మేరీలాండ్‌లో స్వలింగ వివాహాన్ని అనుమతించే చట్టం ప్రజల ఓటుతో నెగ్గింది. కనుక అభిప్రాయాలు కూడా రాతి మీద చెక్కినవి కావు.

గర్భస్రావం విషయంలో మీ అంచనాకు భిన్నమైన స్థితి ఉన్నది. ప్యూ పరిశోధనా సంస్థ 2024లో జరిపిన సర్వేలో నల్లజాతి ప్రొటెస్టెంట్లలో పదిమందికి ఏడుగురు దానిని అన్ని సందర్భాల్లోనో, చాలా సందర్భాల్లోనో చట్టబద్ధంగా ఉంచాలన్నారు. తెల్లజాతి ఇవాంజెలికల్ క్రైస్తవులలో ఇంచుమించు అంతే నిష్పత్తి దానికి వ్యతిరేకం. అందరూ గర్భస్రావాన్ని మంచి పనిగా భావిస్తున్నారని దీనికి అర్థం చెప్పుకోకూడదు. పాపమని నమ్మే వ్యక్తి కూడా దానిని నేరం చేయడానికి ఒప్పుకోకపోవచ్చు. నేరమంటూ ఒకటి ఏర్పడితే జైలు తలుపు ముందు ఎవరి ఇంటివారికి తెరుచుకుంటుందో వారికి తెలుసు.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చే మనిషి ఫ్యానీ లూ హేమర్. మిసిసిపీలో పత్తి చేలలో కౌలుకూలీగా బతికిన స్త్రీ. నల్లవారు కూడా ఓటరుగా నమోదు చేసుకోవచ్చునన్న సంగతి ఆమె 1962లో తన ఊరి చర్చిలో జరిగిన ఒక కూడికలో మొదటిసారి విన్నది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. నమోదుకు బస్సులో వెళ్లి తిరిగి వచ్చిన రోజునే భూస్వామి ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టాడు. బస్సులో తోటివారు భయపడుతుంటే ఆమె చర్చి పాటలు ఎత్తుకుంది. మరుసటి ఏడాది జైలులో ఆమెను చావగొట్టారు. అంతకుముందు 1961లో, చిన్న శస్త్రచికిత్సకని ఆస్పత్రిలో చేరితే, ఆమె అనుమతి లేకుండా గర్భసంచి తీసేశారు. ఆమె గర్భస్రావాన్ని హత్యగా భావించి, ఆ మాట బహిరంగంగా అన్న మనిషి. ఆ విషయంలో మీకూ ఆమెకూ తేడా లేదు. అయినా ఆమె జీవితమంతా పోరాడినది ఓటు కోసం, తిండి కోసం, భూమి కోసం. నీతిని వదులుకోకుండానే న్యాయాన్ని ముందు నిలబెట్టిన మనిషిని చూడాలంటే ఆమెను చూడవచ్చు.

ప్రశ్న (ఆమదాలవలస నుంచి ఒక ఉపాధ్యాయుడు): వారి స్థితినీ మన దళిత క్రైస్తవుల స్థితినీ పోల్చవచ్చునా?

జవాబు: పోల్చవచ్చు, కొంత దూరం వరకు. మన ప్రాంతానికి కెనడా బాప్టిస్టు మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాదంలో వచ్చారు. బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం మిషను కాంపౌండ్లలోని బడులు, ఆస్పత్రులు ఎన్నో కుటుంబాలకు మొదటి మెట్టు అయ్యాయి. అక్షరమూ గౌరవమూ సువార్తతో కలిసి వచ్చిన అనుభవం రెండు చోట్లా ఉన్నది. తేడా పెద్దది: మన సంఘాలను మొదట దొరలు నడిపారు, అక్కడి నల్లవారు దొరల చర్చి నుంచి బయటికి నడిచి తమది తాము కట్టుకున్నారు.

చట్టం దగ్గరికి వస్తే పోలిక తలకిందులవుతుంది. బాప్తిస్మం మనిషి స్థితిని మార్చదని వర్జీనియా 1667లో చెప్పింది. మన 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం స్థితిని మారుస్తుంది. ఆ ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించేది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌కు వస్తారు. వీధిలో వారిని చూసే చూపు మాత్రం సర్టిఫికెట్టుతో పాటు మారదు. ఒక చోట మార్చనని చెప్పి నష్టం చేసిన చట్టం, ఇంకొక చోట మార్చానని చెప్పి నష్టం చేసిందని నా అభిప్రాయం. ఫలితంగా ఇక్కడ విశ్వాసాన్ని బయటికి చెప్పుకోవడమే ఒక లెక్కగా మారింది. అక్కడి నల్లజాతి విశ్వాసికి ఆ లెక్క లేదు, కనుక చర్చి పేరుతోనే బాహాటంగా రాజకీయం మాట్లాడగలడు.

ప్రశ్న (నరసన్నపేట నుంచి ఒక న్యాయవాది): పాస్టర్లు వేదిక మీద నుంచే ఫలానా అభ్యర్థికి ఓటు వేయండని చెబుతారా? మన దేశంలో అది ఎన్నికల అక్రమం కాదా?

జవాబు: మన ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతికర చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో దీనిని ఇంకా విస్తరించి, అభ్యర్థి మతమే కాకుండా ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనన్నది. అమెరికాలో ఆ అడ్డు లేదు, అక్కడి అడ్డు పన్ను చట్టంలో ఉన్నది. 1954లో సెనేటర్ లిండన్ జాన్సన్ తెచ్చిన సవరణ ప్రకారం, పన్ను మినహాయింపు పొందే చర్చి ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. 2025 జూలైలో పన్నుల శాఖ ఒక కేసులో, ఆరాధనలో కాపరి తన సంఘంతో చెప్పుకునే మాటలకు ఇది వర్తించదని కోర్టుకు తెలిపింది. ఆచరణలో చాలామంది కాపరులు పేరు చెప్పకుండానే విషయం చెబుతూ వచ్చారు. అభ్యర్థి ముందు వరుసలో కూర్చుని ఉంటే ఇంకా పేరు చెప్పవలసిన పని ఏముంటుంది?

నా దృష్టిలో పేరు చెప్పడంకంటే పెద్ద పని బస్సు నడపడం. ముందస్తు పోలింగు ఆదివారాల్లో కూడా ఉండే రాష్ట్రాల్లో, ఆరాధన ముగియగానే సంఘమంతా బస్సుల్లో నేరుగా పోలింగు కేంద్రానికి వెళ్తుంది. దీనికి 'సోల్స్ టు ది పోల్స్', అంటే 'ఆత్మలు పోలింగుకు', అని పేరు. వారం రోజులూ గంటల లెక్కన కూలికి పోయే మనిషికి తీరిక దొరికేది ఆ రోజే. జార్జియాలో 2021లో ఆదివారపు పోలింగును కుదించే ప్రతిపాదన వచ్చి, నిరసనల తరువాత వెనక్కి పోయింది. ఆ బస్సు పార్టీ బస్సు కాదు, ఎక్కమని పిలిచేది స్త్రీల సమాజపు పెద్దమ్మ. ఆమె పిలిస్తే రానని చెప్పడం కష్టం.

ప్రశ్న (టెక్కలి): నల్లజాతి వారందరూ క్రైస్తవులేనా?

జవాబు: కాదు. ప్యూ సంస్థ 2021లో ప్రచురించిన సర్వే ప్రకారం నల్లజాతి వయోజనుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ప్రొటెస్టెంట్లు. ఐదో వంతు ఏ మతంలోనూ లేమన్నారు, యువతలో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. క్యాథలిక్కులు, ముస్లింలు కొద్ది శాతమే.

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి): ఎంత చెప్పినా ఇది గంపగుత్త ఓటే కదా. 'మావాడు' అని మన దగ్గర కులం చూసి వేసే ఓటుకూ దీనికీ తేడా ఏమిటి? దీనికి విశ్వాసమని గొప్ప పేరు పెట్టడం ఎందుకు?

జవాబు: మీ ప్రశ్నలో సగం ఒప్పుకుంటాను. నల్లజాతి ఓటంతా వాక్యపఠనం నుంచి పుట్టిందని నేను అనను. తన వారికి జరిగేదే తనకూ జరుగుతుందన్న భావన అందులో బలంగా ఉన్నది. మైకేల్ డాసన్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు దీనిని ముడిపడిన తలరాతగా వివరించాడు. డాక్టరు చదివిన నల్లజాతి మనిషి కూడా రాత్రి పూట పోలీసు కారు ఆపమంటే కూలీ అనుభవించే భయాన్నే అనుభవిస్తాడు కనుక, కూలీకి మేలు చేసే పార్టీనే ఎంచుకుంటాడు.

కానీ 'మావాడు' అన్న సూత్రం అక్కడ నిలబడదు. జాన్సన్, కార్టర్, క్లింటన్, బైడెన్ నల్లవారు కారు, అయినా ఈ ఓటు వారికి పడింది. 2022లో జార్జియా సెనేట్ ఎన్నికను చూడండి. ఇద్దరు అభ్యర్థులూ నల్లజాతివారు, ఇద్దరూ క్రైస్తవులు. రిపబ్లికన్ హెర్షెల్ వాకర్ ఫుట్‌బాల్‌లో పెద్ద పేరున్నవాడు, దేవుని క్షమాపణ గురించి, గర్భస్రావ నిషేధం గురించి మాట్లాడాడు. డెమోక్రాట్ రాఫెల్ వార్నాక్, కింగ్ కుటుంబం సేవ చేసిన ఎబెనేజర్ చర్చికే సంఘకాపరి. ఓటును ఒక విధమైన ప్రార్థనగా చెప్పే ఆయన ప్రచారంలో వైద్యం, ఇన్సులిన్ ధర, ఓటు హక్కు ముందుకు వచ్చాయి. నల్లజాతి ఓటర్లలో పదింట తొమ్మిది మంది వార్నాక్ వైపే మొగ్గారు. రంగు సమానమై, మతం సమానమైన చోట తేల్చినది ఏమిటన్నదే నేను మొదటి నుంచి చెబుతున్న విషయం.

లెక్కచూసుకుని ఓటు వేసే నేర్పు కూడా వారికి ఉన్నది. 2020 ఫిబ్రవరిలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సౌత్ కరోలినా ప్రాథమిక ఎన్నికకు ముందు, ఆ రాష్ట్రపు పెద్ద నాయకుడు జిమ్ క్లైబర్న్ ఒక అంత్యక్రియలకు చర్చికి వెళ్లాడు. ఆయన తండ్రి కూడా బోధకుడే. ముందు వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు ఆయనను దగ్గరికి పిలిచి, ఎవరికి వేస్తున్నావు, పైకి చెప్పలేకపోతే నా చెవిలో చెప్పు అన్నదట. బైడెన్ పేరు చెబితే, ఈ మాట జనం నీ నోట వినాలి అన్నదని ఆయనే తరువాత చెప్పాడు. కొద్ది రోజుల్లో ఆయన బహిరంగంగా మద్దతు ప్రకటించాడు, ఓడిపోతున్న బైడెన్ అక్కడ భారీగా గెలిచి నిలదొక్కుకున్నాడు. ఆ వృద్ధురాలిని గంపలో వేసి మోసుకుపోవడం ఎవరి తరమూ కాదు.

నేను ఒప్పుకోవలసినది మరొకటి ఉన్నది. ఒకే పార్టీకి ఇంతగా కట్టుబడితే ఆ పార్టీ తమను తేలికగా తీసుకుంటుందన్న బాధ నల్లజాతి సంఘాల్లోనే వినిపిస్తున్నది. 2024లో, తానూ బాప్టిస్టు సంఘ సభ్యురాలైన కమలా హారిస్‌కు వివిధ సర్వేల ప్రకారం 83 నుంచి 86 శాతం నల్లజాతి ఓట్లు పడ్డాయి, ఒబామా నాటి స్థాయి రాలేదు. పురుషుల్లో నాలుగింట మూడు వంతులే ఆమె వైపు ఉన్నారు. చర్చి బల్లల మీద ఎప్పుడూ స్త్రీలే ఎక్కువ. చర్చికి దూరమైన యువకుణ్ణి ఆదివారం బస్సు ఎక్కమని పిలిచే పెద్దమ్మ అతని జీవితంలో ఇప్పుడు లేదు. ధరలు, ఉపాధి, వలసలు అన్న మాటలు అతనికి ఫోనులో నుంచి నేరుగా వస్తాయి. కారణం ఇదొక్కటే కాకపోవచ్చు, కానీ నేను దీనికి చాలా బరువు ఇస్తాను.

ప్రశ్న (మళ్లీ బొబ్బిలి పాఠకురాలు): ఉత్తరం చివర ఒక చిన్న సందేహం. వచ్చే ఎన్నికల నాటికి నేను మళ్లీ అట్లాంటా వెళ్తాను. ఆ చర్చి స్త్రీలు ఓటు వేయడానికి బస్సులో వెళ్లేటప్పుడు నన్నూ రమ్మన్నారు. వరుసలో నిలబడిన వారికి మంచినీళ్లు అందించమన్నారు. వెళ్లవచ్చునా?

జవాబు: బస్సు ఎక్కవచ్చు, పాటలు పాడవచ్చు. ఓటు మాత్రం ఆ దేశపు పౌరులదే. మీ అబ్బాయికి పౌరసత్వం రాకుండా గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నా అతను ఓటరుగా నమోదు చేసుకోకూడదు. తెలియక చేశానన్నా పెద్ద చిక్కులు వస్తాయి. మంచినీళ్ల సంగతి మీరు అడగడం మంచిదైంది. జార్జియా 2021లో చేసిన చట్టం ప్రకారం, పోలింగు కేంద్రం ఉన్న భవనానికి 150 అడుగుల లోపల వరుసలో ఉన్న ఓటరుకు బయటివారు నీళ్లు గాని తినుబండారాలు గాని ఇవ్వడం నేరం. ఎవరికి వారు పట్టుకుని తాగేటట్టు నీళ్ల కుండీ ఏర్పాటు చేయడం ఎన్నికల సిబ్బంది చేతిలో పని. మీ సీసాలు బస్సులోనే పంచేయండి.